జింక తిరిగిన చుట్లు

పెసరదిన్నెలో అమావాస్య వచ్చిందంటే మనుషులకంటే ముందు కుక్కలకు తెలుస్తుంది. పొద్దు వాలే వేళకు ఊరి కుక్కలన్నీ పనీపాటా మానుకుని రామేశ్వరమ్మ గడప ముందు చేరతాయి. ఆమె జొన్నరొట్టెల గంప చంకన పెట్టుకుని బయటికి వస్తుంది. రొట్టె తుంచి, మడిచి, మడతలో ఒక మాత్ర దాచి, పైన ఇంత నెయ్యి పూసి, ఒక్కో కుక్కనూ పేరు పెట్టి పిలిచి నోటికి అందిస్తుంది. అందించి ఊరుకునే మనిషి కాదు. అది గొంతు దిగేదాకా నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎదురుగా నిలబడుతుంది.

వాటిలో పాండు అని ఒక తెల్లకుక్క ఉంది. మహా టక్కరిది. రొట్టె మింగేసి మాత్రను మాత్రం బుగ్గన దాచుకుని, సందు మలుపు తిరిగాక ఉమ్మేస్తుంది. రామేశ్వరమ్మకు దాని సంగతి తెలుసు. అది చేరేలోపే ఆ మలుపులో పోయి కాచుకుని ఉంటుంది.

"నాతోనా నీ యేషాలు, మింగు" అంటుంది. పాండు ఆమె మొహం చూసి, తోక ముడిచి, మింగుతుంది. పెసరదిన్నెలో ఆమె మాటకు ఎదురు చెప్పి నెగ్గినవాళ్లు మనుషుల్లోనే లేరు, కుక్క ఎంత?

గంప ఖాళీ అయ్యాక ఆమె ఇంటికి పోదు. నేరుగా తమ చేను గట్టున ఉన్న నరసింహస్వామి గుండు అనే బండ దగ్గరికి పోయి, చెప్పులు విడిచి, మోకాళ్లు నొప్పులు పెడుతున్నా సరే, స్వామి చుట్టూ తిరుగుతుంది. కొత్తగా ఊరికి వచ్చినవాళ్లు ఈ తతంగమంతా చూసి, ఈమెకేమన్నా తిక్కా అనుకుంటారు. అనుకుంటే అనుకోనివ్వండి. అసలు సంగతి తెలిస్తే ఆ మాట అన్న నోటితోనే దణ్ణం పెడతారు.

రామేశ్వరమ్మ పుట్టిల్లు కొలిమిగుండ్ల దగ్గర. ఆ పక్క అంతా నాపరాయి. పెసరదిన్నె ఆళ్లగడ్డ నుంచి ఉయ్యాలవాడ పోయే దారిలో ఉంది. ఇక్కడంతా నల్లరేగడి. కాపురానికి వచ్చిన కొత్తలో వానకు తడిసిన చేలో దర్జాగా అడుగు పెట్టి, పిక్కల దాకా దిగబడి, చెప్పులు రెండూ భూదేవికి సమర్పించుకుని ఉత్త కాళ్లతో ఇల్లు చేరింది. అప్పుడు నవ్వినవాళ్లే ఇప్పుడు విత్తనం ఎప్పుడు వెయ్యాలో ఆమెను అడుగుతారు. భర్త మాధవయ్య ఉత్తముడు, మాట తక్కువ. ఇంట్లో మాట్లాడాల్సినవన్నీ ఆమే మాట్లాడేస్తుంది గనుక ఆయనకు నోరు తెరిచే అవసరం పడలేదని ఊళ్లో వేళాకోళం.

శనగ కోత అయిపోయి చేను ఖాళీ కాగానే వాళ్లింట్లో మొదటి పని మంద కట్టించడం. గొర్రెల మందను తెచ్చి రాత్రిళ్లు చేలో పడుకోబెడతారు. ఆ పెంట, ఆ మూత్రం నేలకు పట్టాయంటే వచ్చే పంటకు వేరే ఎరువుతో పని ఉండదు. ఏటా వచ్చేది మద్దిలేటి మంద. అతను గొర్రెల మధ్యే పుట్టి పెరిగినవాడు. అతని మంద వెంట కాపలా కుక్కలు వస్తాయి. రామేశ్వరమ్మ గొర్రెలు కొన్ని ఆ మందలోనే కలిసి మేస్తాయి.

తెల్లవారుజామున ఆ చేలల్లోకే జింకలు దిగుతాయి. ఈ పక్క రైతులకు జింకలంటే ఒళ్లు మంట. శనగ మొలకెత్తిందంటే చాలు, గుంపుగా వచ్చి నున్నగా గొరిగి పోతాయి. రామేశ్వరమ్మ కూడా తిడుతుంది, "మీ కడుపులు కాల" అని గట్టు మీద నిలబడి కేకలేస్తుంది. కోత అయ్యాక మాత్రం, రాలిన గింజా పరిగే మీదేలే తినండి అని వదిలేస్తుంది. ఇసుక రంగు ఆడజింకలు, నల్ల వీపు మగజింకలు ఆ మసక వెలుతురులో తలలు వంచి మేస్తుంటే, చేతిలో చెంబు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోతుంది. ఆ కాసేపు ఆమె నోరు కూడా మూతపడి ఉంటుందని మాధవయ్య ఒకసారి అన్నాడు. ఆయన అన్న మాటలు తక్కువ కాబట్టి ఊరంతా దాన్ని గుర్తు పెట్టుకుంది.

మందల్లో అప్పుడప్పుడు ఒక రోగం వస్తుంది. గొర్రె మేత మానేసి, తల ఒక పక్కకు వాల్చి, ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతుంది. తిరుగుడు రోగం అంటారు. నొసట వాత పెట్టి చూస్తారు. తగ్గకపోతే కోసి, మాంసం పంచుకుంటారు. తల జోలికి మాత్రం ఎవరూ పోరు. మామూలుగా తలకాయ కూరంటే పడి చచ్చే మనుషులే, తిక్క గొర్రె తల తింటే ఆ తిక్క మనకు ఎక్కుతుందని భయపడతారు. పారేస్తే పిల్లలెవరైనా ముట్టుకుంటారని, ఆ తలను జాగ్రత్తగా తీసుకుపోయి కుక్కలకు వేస్తారు. మంచిదనుకునే చేసేవాళ్లు. తమ ఇంట్లో ఆ పని రామేశ్వరమ్మే స్వయంగా చేసేది, వేరేవాళ్ల చేతికి ఇస్తే ఎక్కడ కూర వండుకుంటారోనని.

ఆ మధ్య ఒక చలికాలం మాట. ఆమె గొర్రె ఒకటి అలాగే తిరిగి తిరిగి పడిపోతే కోశారు. తలను గోనెపట్టలో పెట్టుకుని కుక్కల దగ్గరికి బయలుదేరింది. అదే పొద్దున ఊళ్లో గొర్రెలకు టీకాలు వేయడానికి ఆళ్లగడ్డ పశువుల ఆసుపత్రి డాక్టర్ సుష్మ వచ్చి ఉంది. నంద్యాల పిల్ల. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు గానీ, పొట్టేలు కొమ్ములు పట్టి వంచిందంటే మద్దిలేటి కూడా పక్కకు తప్పుకుంటాడు.

"ఆ తల యాడికి తీసుకుపోతాండావ్ పెద్దమ్మా?" అని అడిగింది సుష్మ.

"కుక్కలకేస్తా. మనుషులు తింటే తిక్క పడ్తాది కదమ్మా."

"ఒక్క నిమిషం ఆగు."

సుష్మ మద్దిలేటి చేత గొడ్డలి తెప్పించి తలను రెండుగా చీల్చింది. మెదడు మీద కోడిగుడ్డంత నీటి సంచి. పల్చని పొర, లోపల తేట నీరు, పొరకు అతుక్కుని ఉడికిన సగ్గుబియ్యంలా తెల్ల చుక్కలు. చుట్టూ చేరినవాళ్లు ముక్కు మూసుకున్నారు.

"ఇదేందమ్మా?" అంది రామేశ్వరమ్మ.

"పురుగుల సంచి. ఈ తెల్ల చుక్క ఒక్కోటీ ఒక్కో పురుగు తలకాయ. గొర్రె మెదడులో ఇంతకు మించి ఎదగవు. కుక్క కడుపులోకి పోతేనే మూరెడు పురుగులైతాయి."

"కుక్క కడుపులోకి ఎట్ల పోతాయి?"

సుష్మ రామేశ్వరమ్మ చేతిలోని గోనెపట్ట వైపు చూసింది. రామేశ్వరమ్మ కూడా చూసుకుంది. ఆమె వేళ్లు వదులై గోనెపట్ట కింద పడింది.

తర్వాత సుష్మ అరుగు మీద కూర్చుని తక్కినదంతా చెప్పింది. కుక్క కడుపులో పురుగు పెట్టిన గుడ్లు దాని పెంటలో పడతాయి. అది గడ్డికి అంటుతుంది. ఆ గడ్డి గొర్రె తింటుంది, జింక తింటుంది. పురుగుకు ఊరి మంద, అడవి మంద అనే తేడా లేదు. తలలో సంచి పెరిగిన జంతువుకు దారి తెలియదు, గుంపులోంచి తప్పిపోయి ఒంటరిగా తిరుగుతుంది. అప్పుడు తోడేలుకో కుక్కకో సులువుగా చిక్కుతుంది.

"పురుగుకు కావాల్సింది అదే పెద్దమ్మా. మళ్లా కుక్క నోట్లో పడాల. దానికోసమే జింకను అట్ల తిప్పుతాది. ముందు ఇది తోడేళ్లకూ జింకలకూ మధ్య నడిచే యవ్వారం. తోడేళ్లు తక్కువైనాయి, మన కుక్కలు ఎక్కువైనాయి. మనం తలలు కోసి మరీ అందిస్తాంటిమి."

ఆ పూట రామేశ్వరమ్మకు ముద్ద దిగలేదు. ఎన్ని తలలు! తన చేత్తో, శుభ్రంగా, ఎవరికీ హాని కలగకూడదని కుక్కలకు వేసింది.

"ఇంతకాలం నేనే మేపితినే ఆ పురుగును" అంది మాధవయ్యతో.

"తెలీక చేసినావ్" అన్నాడాయన.

"ఇప్పుడు తెలిసె కదా."

మర్నాడే ఆళ్లగడ్డ పోయి సుష్మ దగ్గర కుక్కలకు వేసే పురుగుల మాత్రలు తెచ్చింది, నెలనెలా మరిచిపోకుండా అమావాస్యనాడు వేయాలని పెట్టుకుంది. తిక్క గొర్రె తల ఇకమీద సున్నం వేసి లోతుగా పూడ్చాల్సిందేనని ఇంటింటికీ చెప్పింది. విన్నవాళ్లు విన్నారు. విననివాళ్ల ఇళ్ల ముందు గొంతు పెంచింది. అయినా అప్పటికే చేలల్లో పడ్డ గుడ్లు పడే ఉన్నాయి. మందు వేసింది కుక్కలకు గానీ గడ్డికి కాదు కదా.

అది తేలడానికి ఎండాకాలం దాకా పట్టింది. ఒకరోజు పొద్దున నరసింహస్వామి గుండు దగ్గర ఒక ఆడజింక కనిపించింది. ఆ గుండు మనిషెత్తు బండ. బండ మీద స్వామి రూపం, ముందు నాపరాళ్ల అరుగు, అంతే. మాధవయ్య తాతల కాలం నుంచి శనివారం దీపం పెట్టేది వాళ్ల ఇంటివాళ్లే. ఆ జింక మనుషుల్ని చూసి పారిపోలేదు. స్వామి చుట్టూ తిరుగుతోంది. ఒక చుట్టు, మళ్లీ చుట్టు, మళ్లీ. ఆగడం లేదు.

ముందుగా చూసింది ఓబులేసు. మాధవయ్యకు వరసకు తమ్ముడు. ఊళ్లో తిరునాళ్ల పనులన్నీ నెత్తిన వేసుకుని తిరిగే భక్తుడు, పది మందికి అన్నం పెట్టే చెయ్యి. అతను అక్కడే సాష్టాంగపడ్డాడు. లేచాక ఫోన్లో వీడియో తీశాడు. ఇక చెప్పాలా! మధ్యాహ్నానికల్లా ఉయ్యాలవాడ ఆటోలు, ఆళ్లగడ్డ మోటారు సైకిళ్లు, టెంకాయల బండి, పూల గంప, అన్నీ ఆ గట్టు మీదే. జింక నొసట పసుపు, కుంకుమ. మెడలో బంతిపూల దండ. ముందు అరటిపళ్ల రాశి. అది ఒక్కటీ ముట్టుకోలేదు.

"చూసినావా వదినా," అన్నాడు ఓబులేసు, కళ్లు తుడుచుకుంటూ. "సామే పిలిపించుకున్నాడు. మన గట్టు ఇంగ క్షేత్రమైతాది."

రామేశ్వరమ్మ జింకనే చూస్తోంది. మెడ ఎడమకు వాలి ఉంది. కన్ను తెరిచే ఉంది గానీ ఎదుటి మనిషిని చూడటం లేదు. తన గొర్రె పడిపోయే ముందు ఎలా ఉండిందో ఇదీ అచ్చం అలాగే ఉంది. తలెత్తి చూస్తే, భక్తుల వెనక ఇంకో భక్త బృందం కూర్చుని ఉంది. ఊరి కుక్కలు. పాండు ముందు వరుసలో ఉంది. వాటికి పసుపూ కుంకుమా పట్టలేదు. నాలుకలు చాపి, ఓపిగ్గా, అది ఎప్పుడు కూలుతుందా అని చూస్తున్నాయి.

ఆమె రాయి తీసుకుని వాటిని తరిమి, సుష్మకు ఫోన్ చేసింది.

"తొందరగా తీస్తే బతకొచ్చు," అంది సుష్మ. "ఆలస్యమైతే కాళ్లు పడిపోతాయి. అప్పుడు నేను చేసేదేం ఉండదు. అడవి జంతువు కాబట్టి ఫారెస్టోళ్లు ఒప్పుకోవాల. ఎలీషా అన్నతో మాట్లాడతా."

ఎలీషా ఆళ్లగడ్డలో ఉండే అటవీ శాఖ ఉద్యోగి. నంద్యాలలోని పైవాళ్లతో మాట్లాడి, సరేననిపించుకుని, మర్నాడు పొద్దున్నే సుష్మను జీపులో ఎక్కించుకుని వచ్చాడు. జీపు గట్టు దగ్గరికి కూడా రాలేదు. జనం అడ్డం కూర్చున్నారు. దేవుని జింకను తీసుకుపోతే ఊరికి అరిష్టమన్నారు. ఎలీషా ఓపికతోనే చెప్పాడు, చివరికి విసిగి, అడ్డుకుంటే కేసవుతుందన్నాడు. ఆ మాటతో మగవాళ్లు లేచి నిలబడ్డారు.

"కేసు మాట ఎత్తొద్దప్పా," అంటూ రామేశ్వరమ్మ మధ్యలోకి వచ్చింది. "వీళ్లేం దొంగలా? భక్తితో ఉండారు. భక్తికి కేసేంది."

తర్వాత ఎవరినీ అడక్కుండా జింక దగ్గరికి పోయి, రెండు చేతులతో ఎత్తి గుండెకు ఆనించుకుంది. అడవి జింక! ఆకు కదిలితే చెంగున ఎగిరేది, ఇప్పుడు పాలు తాగి పడుకున్న పసిబిడ్డలా చేతుల్లో ఉండిపోయింది. పక్కటెముకలు ఆమె వేళ్లకు తగులుతున్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవకుండా, గుండుకు దూరంగా ఖాళీ చేను నడిమికి నడిచి, ఏ రాయీ రప్పా లేని చోట దాన్ని దించింది. జింక కాసేపు నిలబడింది. తర్వాత ఎడమకు తిరిగింది. చుట్టు తర్వాత చుట్టు, ఖాళీ నేల మీద.

"ఈడ ఏ సామి ఉండాడో చెప్పండి," అంది ఆమె.

ఓబులేసు ఆలోచించాడు. ఆలోచించేకొద్దీ అతని కళ్లు పెద్దవయ్యాయి.

"లోపల ఉండాడేమో వదినా," అన్నాడు మెల్లగా.

అంతే, గడ్డపార తెండి, పార తెండి అని కేకలు. రామేశ్వరమ్మ తల పట్టుకుంది. అప్పుడు మాధవయ్య నోరు తెరిచాడు.

"ఆమె దించిన చోటల్లా తవ్వుకుంటూ పోండప్పా. ఈ యేడు నాకు దుక్కి దున్నే పని తప్పుతాది."

అందరూ నవ్వారు. గడ్డపార వెనక్కి పోయింది. కానీ జింకను మాత్రం వదల్లేదు. ఎత్తుకొచ్చి మళ్లీ స్వామి ముందే వదిలారు.

మద్దిలేటి అంతసేపూ గుంపు చివర నిలబడి ఉన్నాడు. తన మందలోనూ ఒక గొర్రె తిరుగుతోందని అతను ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే ఎవరూ చేలో మంద కట్టనివ్వరని భయం. రామేశ్వరమ్మ ఒక్కతే అంతమందిని ఎదిరించడం చూసి అతనికి మనసు ఆగలేదు. పోయి ఆ గొర్రెను భుజాన వేసుకొచ్చి స్వామి ముందు దించాడు. అది కూడా తల వాల్చి తిరగడం మొదలుపెట్టింది. స్వామి చుట్టూ జింక, జింక వెనక గొర్రె.

కొండమ్మ అనే ముసలామె చేతిలో కుంకుమ భరిణె ఉంది. ఆమె మూత పెట్టేసింది.

"పోయిన యేడు మా గొర్రె ఇట్లనే తిరిగె," అంది. "దానికి నొసట వాత పెడ్తిమి. దీనికి బొట్టు పెడ్తాండాం."

సుష్మ అదను చూసుకుంది. గొర్రెను అరుగు మీద పడుకోబెట్టించి, నొసలు బొటనవేలితో నొక్కి చూసింది. సంచి ఉన్న చోట ఎముక మెత్తబడి లోపలికి పోతుంది. అక్కడ మత్తు సూది ఇచ్చి, చిన్న కంత చేసి, నీరు లాగి, సంచిని మెల్లగా బయటికి తీసింది. పళ్లెంలో పెట్టి అందరికీ చూపించింది. కట్టు కట్టాక కాసేపటికి గొర్రె లేచి తూలుతూ నిలబడింది. తర్వాత నేరుగా నడిచి అరటిపళ్ల రాశిలో మూతి పెట్టింది.

చాలామంది మనసు తిరిగింది. ఓబులేసుది తిరగలేదు. గొర్రె వేరు, జింక వేరు అన్నాడు. మొండితనంతో అనలేదు పాపం. తన కళ్ల ముందు స్వామి కనిపించాడని అనుకున్న మనిషి, కాదు అది పురుగు అంటే ఎలా ఒప్పుకుంటాడు? అతను కదలకపోతే అడ్డం కూర్చున్న మగవాళ్లు కదలరు. జింక ముందుకాళ్లు అప్పటికే తడబడుతున్నాయి.

రామేశ్వరమ్మ ఇక అతనితో వాదించలేదు. కొంగు నడుముకు దోపుకుని, స్వామి ముందు నిలబడి, అందరికీ వినబడేట్టు చేతులు జోడించింది.

"సామీ, ఈ బిడ్డ నీ చుట్టూ తిరగకుండా నేరుగా పోయేట్టు చెయ్యి. అది ఎన్ని చుట్లు తిరిగిందో అన్నీ దాని బదులు నేను తిరుగుతా. ఇది నా మొక్కు."

ఒకరి మొక్కుకు ఇంకొకరు అడ్డం పోకూడదు. ఆ సీమలో పగవాడైనా ఆ పని చెయ్యడు. ఓబులేసు ఆమెను చూశాడు, స్వామిని చూశాడు. పంచె దులుపుకుని పక్కకు తప్పుకున్నాడు.

"మొక్కుకున్నాక ఇంగ నేనేం చెప్పేది," అన్నాడు.

సుష్మ జనంవైపు తిరిగింది. జింకను రోగం కంటే ముందు భయమే చంపేస్తుందని, ఒక్క అరుపు వినబడినా గుండె ఆగిపోతుందని చెప్పింది. నిన్నటి నుంచి గంటలూ గోవింద నామాలతో మోగిన ఆ గట్టు ఒక్కసారిగా మూగబోయింది. ఓబులేసు తన ఫోన్ ఆపేసి, తక్కినవాళ్ల చేత ఆపించాడు. టెంకాయలవాడు కత్తి కింద పెట్టాడు. ఎలీషా జింక కాళ్లు పట్టుకున్నాడు. రామేశ్వరమ్మ కొంగు తడిపి దాని కళ్ల మీద కప్పి, తల ఒళ్లో పెట్టుకుని, సుష్మ మత్తు సూది ఇచ్చి కంత చేస్తున్నంతసేపూ కదలకుండా కూర్చుంది. సంచి బయటికి వచ్చింది. గొర్రెదానికంటే పెద్దది. సుష్మ దాన్ని పళ్లెంలో పెట్టి, జింక తలకు కట్టు కట్టింది.

జింకను చేను అంచున ఉన్న మాధవయ్య గొడ్ల కొట్టంలో చీకటి మూల ఉంచారు. ఎలీషా అక్కడే పడక వేశాడు. సుష్మ రోజూ వచ్చి చూసిపోయేది. దాన్ని మచ్చిక చేయొద్దని, మనిషి వాసన అలవాటైతే మళ్లీ గుంపులో కలవదని ఇద్దరూ గట్టిగా చెప్పారు. రామేశ్వరమ్మకు అదే పెద్ద శిక్ష. పచ్చగడ్డి లోపలికి జార్చి, తడిక సందులోంచి చూసి, చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకునేది. ఊరంతటినీ మాటలతో ఉతికే ఆ మనిషి కొట్టం ముందు మాత్రం పిల్లిలా అడుగులేసింది. మొదట్లో అది ఎడమకే ఒరిగేది. తర్వాత మెడ నిలిచింది. ఒకనాడు ఆమె అడుగు చప్పుడుకు ఉలిక్కిపడి మూలకు దూకింది. రామేశ్వరమ్మ ఇంటికి పరుగెత్తింది.

"నన్ను చూసి బెదిరినాదప్పా అది," అని మాధవయ్యకు చెప్పి, ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

వదిలిన రోజు తెల్లవారుతుండగా చేలో జింకల గుంపు మేస్తోంది. పెద్దగా ఎవరికీ చెప్పలేదు. అయినా ఓబులేసు వచ్చి గుండు పక్కన నిలబడ్డాడు. కొట్టం తడిక తీశారు. జింక గడపలో ఆగి గాలి పీల్చింది. అది ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. ఎడమకు తిరుగుతుందేమోనని రామేశ్వరమ్మ పిడికిళ్లు బిగించింది. జింక తిరగలేదు. ఒక్కసారిగా చెంగున ఎగిరి, గుండు పక్కనుంచి, ఓబులేసు పక్కనుంచి, చేనుకు అడ్డంగా గీత గీసినట్టు నేరుగా పోయి గుంపులో కలిసింది. కలిశాక అందులో ఏది ఏదో ఎవరికీ తెలియలేదు.

ఓబులేసు చాలాసేపు అటే చూశాడు.

"సామి చుట్టూ ఒక్క చుట్టన్నా తిరక్కుండానే పోయె వదినా," అన్నాడు. గొంతులో దిగులుంది.

"తిరక్కుండా పోవాలనే కదప్పా మొక్కుకునింది," అంది రామేశ్వరమ్మ. కళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు. చెప్పులు విడిచి స్వామి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

మోకాళ్లు సహకరించక ఆమె ఒరిగినప్పుడల్లా వెనక నుంచి ఒక చెయ్యి ఆసరా ఇచ్చింది. ఓబులేసు కూడా తిరుగుతున్నాడు. ఎన్ని చుట్లు మొక్కుకున్నావని అతను అడగలేదు.

ఇప్పుడు అమావాస్యనాడు ఆమె వెంట రొట్టెల గంప మోసేది అతనే. తిక్క గొర్రె తల ఊళ్లో ఎవరింట్లో ఉన్నా ముందుగా గుంత తవ్వేది కూడా అతనే. ఆ గడ్డపార అలా పనికొచ్చిందని మాధవయ్య అంటాడు. చేలో జింకలు ఇప్పటికీ దిగుతాయి, శనగ తింటాయి, తిట్లూ తింటాయి.

మొన్న టీకాలకు వచ్చినప్పుడు సుష్మ ఆమె మోకాళ్లు చూసి జాలిపడింది. ఇంక చాలు పెద్దమ్మా, ఆ మొక్కు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది అంది.

"యాడ తీరింది డాక్టరమ్మా," అంది రామేశ్వరమ్మ, గంపలోంచి రొట్టె ముక్క తీసి పాండు కోసం మడుస్తూ. "అది ఎన్ని చుట్లు తిరిగిందో మనం ఎవరమూ లెక్క పెట్టకపోతిమి కదా."